గంటం గ్రంథం తప్పు చెప్పదు

కాకినాడలో రాష్ట్ర లిపి పరికరాల సంస్థ అని ఒకటి ఉండేది. పేరులో పరికరాలు అని బహువచనం ఉన్నా, ఆ సంస్థ చేసింది ఒకే ఒక పరికరం. దాని పేరు గంటం. కంప్యూటర్లో రాతకోతలు చేసుకునే సాఫ్ట్‌వేరు అది. దాని గొప్పతనమల్లా ఏమిటంటే, ఎవరికి కావలసిన పని వాళ్లు దానికి నేర్పుకోవచ్చు. ఈ మాట కనిపించినచోటల్లా ఆ మాట పెట్టు, ఇంతవరకూ రాసి కింద సంతకానికి చోటు వదులు అని చిన్న చిన్న ఆజ్ఞలు రాసి పెట్టుకుంటే, అది మారుమాట్లాడకుండా చేసుకుపోయేది. రాష్ట్రంలోని మండలాఫీసులన్నీ గంటం మీదే నడిచేవి. కుల ధ్రువపత్రం దగ్గర్నుంచి పింఛను ఉత్తర్వు దాకా అందులో పుట్టాల్సిందే.

ఇన్ని ఆజ్ఞలున్న వస్తువుకు ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో చెప్పే పుస్తకం ఒకటి ఉండాలి కదా. ఉంది. దాన్ని గంటం ప్రమాణ గ్రంథం అనేవారు. సాఫ్ట్‌వేరు మారినప్పుడల్లా ఆ గ్రంథాన్ని తిరగరాసే ఉద్యోగం వింధ్యావళిది.

వింధ్యావళికి యాభై దగ్గర పడుతున్నాయి. పూర్వం తెలుగు పంతులమ్మగా చేసి వచ్చింది కనుక, ఏ సంగతి చెప్పినా వెంటనే ఒక ఉదాహరణ ఇవ్వకపోతే ఆమెకు తోచేది కాదు. ఉదాహరణ లేని వివరణ ఉప్పు లేని పప్పు అని ఆమె నమ్మకం. అంచేత గ్రంథంలో పేజీ పేజీకీ ఆమె ఉదాహరణలుండేవి. బల్ల మీద పిల్లులు, బుట్టలో మామిడికాయలు, ఆఫీసులో మనుషులు ఆ పేజీల్లో హాయిగా కాపురం చేస్తుండేవారు.

ఆమె కష్టమల్లా ఇమ్మానియేలుతోనే. అతను ప్రోగ్రాములు రాసే వాళ్లకు పెద్ద. చురుకైనవాడు, మంచివాడు. కానీ సోమవారం ఒక ఆజ్ఞను మార్చి, ఆ సంగతి ఆమెకు పై నెల చెప్పేవాడు.

"ఏమయ్యా ఇమ్మానియేలూ, ఎఫ్ ఏడు మీట మార్చేశావట. నాకు చెప్పొద్దూ?"

"మర్చిపోయానండి మేడం. అయినా ఆ పుస్తకం ఎవరు చూస్తారండీ?"

నిజమే, ఎవరూ చూసేవారు కాదు. ఆ కారణం చేతనే సంస్థ అంతకాలం సుఖంగా ఉంది.

చూసినవాడు డైరెక్టర్ పరాంకుశం గారు. ఆయన చేపల పెంపకం శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. వచ్చిన కొత్తల్లో పక్క రాష్ట్రం అధికారులు గంటాన్ని చూడటానికి వచ్చారు. పరాంకుశం గారు తన స్వాగతోపన్యాసాన్ని తెర మీద పెట్టించి, పక్కన గ్రంథం తెరిచి, గంభీరంగా చదివారు.

"ఎఫ్ ఏడు నొక్కిన యెడల పేరాలన్నియు వరుసగా సర్దుకొనును. తిలకించండి."

నొక్కారు. ఉపన్యాసం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తెర తెల్లగా, కడిగిన పళ్లెంలా మిగిలింది. వచ్చినవాళ్లు అదే అసలు విశేషం కాబోలు అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకాయన అయితే, "మా దగ్గర ఉపన్యాసాలకు ఇంత సౌకర్యం లేదండీ" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆ సాయంత్రమే సమావేశం పెట్టారు. వింధ్యావళి లేచి నిలబడింది.

"పుస్తకం పాతబడిందండి. వారం రోజులు టైమిస్తే సరిచేసేస్తాను."

"మీరు కూర్చోండమ్మా," అన్నారు పరాంకుశం గారు. "గ్రంథము ముద్రితమైనది. అట్ట మీద ప్రభుత్వ చిహ్నమున్నది. ఇమ్మానియేలు గారూ, మీ సాఫ్ట్‌వేరు మీద ప్రభుత్వ చిహ్నమున్నదా?"

"లేదండి."

"చిహ్నమున్నది తప్పు చెప్పునా, లేనిది తప్పు చెప్పునా?"

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. 'గ్రంథమునకును యంత్రమునకును భేదము కానవచ్చిన పక్షమున గ్రంథమే ప్రమాణము, యంత్రమే దోషి. దోషియగు యంత్రమును గ్రంథానుసారముగా తక్షణమే సరిదిద్దవలయును.' ఆ ఉత్తర్వు అమలు చూడటానికి ప్రమాణ పాలనాధికారి అని కొత్త పదవి సృష్టించి, తూనికలు కొలతల శాఖ నుంచి విస్సంశెట్టి గారిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. తూకపు రాయి పట్టుకున్నట్టే దాన్ని పట్టుకుని తిరిగేవారు.

మొదట్లో వింధ్యావళికి లోలోపల కాస్త సంతోషం కలిగిన మాట వాస్తవం. ఇన్నాళ్లూ యంత్రం వెనక పుస్తకం పరుగెత్తింది. ఇప్పుడు పుస్తకం వెనక యంత్రం పరుగెడుతోంది. ఇమ్మానియేలు రోజూ వచ్చి ఆమె బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "ఈ వాక్యానికి అర్థమేంటండి మేడం?" అని అడుగుతుంటే వినసొంపుగానే ఉండేది.

ఆ సంతోషం విస్సంశెట్టి గారు దాచు అనే ఆజ్ఞ దగ్గరికి వచ్చేదాకానే నిలిచింది.

"ఇక్కడ గ్రంథంలో ఏమి రాశారమ్మా? 'దాచు: రాసినదాన్ని భద్రంగా దాచును.' బాగుంది. మరి నేను నిన్న ఒక కాగితం దాచితిని. ఇవాళ తెరవగానే కనిపించినది. కనిపించినది దాచినట్టెట్లు?"

"దాచడం అంటే పోకుండా ఉంచడమండి," అంది వింధ్యావళి.

ఆయన నిఘంటువు తెరిచారు. "దాచు: కంటబడకుండ చేయు, మరుగుపరచు. ఇది అచ్చులో ఉన్నది. మీ అర్థము నోటిమాట."

ఇమ్మానియేలు తల గోక్కుంటూ వెళ్లి దాచు ఆజ్ఞను గ్రంథానికి తగినట్టు మార్చేశాడు. ఆ రోజు నుంచి మండలాఫీసుల్లో దాచిన కాగితమల్లా దాగిపోయింది. పింఛను ఉత్తర్వులు, పాసు పుస్తకాల నకళ్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు. గోలపెడుతూ ఫోన్లు మొదలయ్యాయి.

"వెతుకు అని ఇంకో ఆజ్ఞ ఉంది కదండీ," అన్నాడు ఇమ్మానియేలు ఆశగా. "దాంతో వెతుక్కోమని చెబుదాం."

విస్సంశెట్టి గారు ఆ పేజీ కూడా తీశారు. 'వెతుకు: కోరిన మాటను వెతుకును.' ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆ వాక్యాన్ని ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ చదివారు.

"వెతుకును అని ఉన్నది. దొరుకును అని ఎక్కడా లేదే?"

అంతే. వెతుకు ఆజ్ఞ ఇస్తే గంటం నిష్ఠగా వెతకసాగింది. పొద్దున మొదలుపెడితే ఆఫీసు మూసేదాకా వెతికేది. దొరకపుచ్చుకునే అధికారం దానికి లేదు. అయినా విస్సంశెట్టి గారు మండలాలు తనిఖీ చేసి వచ్చి, 'ఎక్కడ చూసినను వెతుకులాట ఉత్సాహముగా సాగుచున్నది' అని నివేదిక ఇచ్చారు. పరాంకుశం గారు ఆ నివేదికకు అద్దం కట్టించారు.

ఆ తర్వాత ఉదాహరణల వంతు వచ్చింది.

గ్రంథంలో ప్రతి వాక్యమూ ప్రమాణమే అయినప్పుడు ఉదాహరణ వాక్యం మాత్రం ఎందుకు కాకూడదన్నది విస్సంశెట్టి గారి ప్రశ్న. 'పిల్లి బల్ల మీద కూర్చుంది' అని ఒక పేజీలో ఉంది. మాటలను ఎలా ఎంచుకోవాలో చూపడానికి వింధ్యావళి రాసిన వాక్యం అది. టెండర్లు పిలిచి ఒక పిల్లిని కొన్నారు. బల్ల ఉండనే ఉంది. కానీ పిల్లి ప్రభుత్వ పిల్లి కాదు, మామూలు పిల్లి, దిగిపోయేది. అది దిగినప్పుడల్లా గ్రంథానికి భేదం వచ్చినట్టే కనుక, దాన్ని బల్ల మీద కూర్చోబెట్టే బాధ్యత యంత్ర విభాగానికి, అంటే ఇమ్మానియేలుకు అప్పగించారు. అతను ఒక చేత్తో ప్రోగ్రాము రాస్తూ రెండో చేత్తో పిల్లిని నిమురుతూ ఉండేవాడు. మోచేతి దాకా గీతలు.

"మేడం," అనేవాడు దీనంగా, "రాసేటప్పుడు పిల్లి పడుకుంది అని రాసుంటే మీ సొమ్మేం పోయిందండీ?"

అప్పటికి అది నవ్వులాటగానే ఉంది. నవ్వు ఆగిపోయింది నూకరాజు దగ్గర.

నూకరాజు ఆ ఆఫీసులో అటెండరు. డైరెక్టర్ గది బయట స్టూలు మీద కూర్చుని, పిలిస్తే పలికి, పిలవకపోతే కునికేవాడు. గ్రంథంలో తేదీ చేర్చే ఆజ్ఞ కింద ఒక ఉదాహరణ ఉంది: 'నూకరాజు ఇవాళ సెలవులో ఉన్నాడు.' ఎప్పుడో అతనికి జ్వరం వచ్చి రాని రోజున, టీ తెచ్చేవాళ్లు లేక గొంతు ఎండుతుంటే వింధ్యావళి రాసిన వాక్యం. ఆ రోజుకది నిజమే. నిజాన్ని తీసుకుపోయి పుస్తకంలో పెట్టడం ఎంత ప్రమాదమో ఆమెకు అప్పుడు తెలియదు.

విస్సంశెట్టి గారు ఆ పేజీ చదివి, తలుపు తీసి బయటికి చూశారు. స్టూలు మీద నూకరాజు!

"నువ్విక్కడ ఉన్నావేమిటి?"

"డూటీలో ఉన్నానండి."

"నువ్వు సెలవులో ఉన్నావు."

"నేనా? లేదండి బాబూ, ఒంట్లో శుభ్రంగా ఉంది. ఇప్పుడే ఇడ్లీ తినొచ్చేను."

"ఇవాళ సెలవులో ఉన్నట్టు గ్రంథంలో ఉన్నది. పో."

"సరేలెండి," అని నూకరాజు ఇంటికి వెళ్లాడు. ఊరికే వచ్చిన సెలవు ఎవరికి చేదు? మర్నాడు వచ్చాడు. గ్రంథం తీసి చూస్తే, ఆ రోజు కూడా 'ఇవాళ' అనే ఉంది. ఆ మర్నాడూ అంతే. గ్రంథంలో ఇవాళ ఎప్పటికీ రేపు కాదు.

ఉన్న సెలవులన్నీ హారతి కర్పూరంలా కరిగిపోయాయి. తర్వాత జీతం కోత మొదలైంది. ఇంట్లో కూర్చోలేక నూకరాజు రోజూ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకుని వచ్చి, ఆఫీసు గేటు బయట టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. లోపల బెల్లు మోగితే చటుక్కున లేచి నిలబడి, గుర్తొచ్చి మళ్లీ కూర్చునేవాడు. వింధ్యావళి అది రోజూ కిటికీలోంచి చూసేది. ఒక రోజు ఉండబట్టలేక గేటు దగ్గరికి వెళ్లింది.

"నూకరాజూ, నా మూలాన నీకింత వచ్చిపడింది."

"అయ్యో, మీదేటుందమ్మా? పుస్తకంలో పేరెక్కించేరు. మా ఇంటా వంటా ఎవడి పేరైనా పుస్తకంలో ఎక్కిందేటి? కాకపోతే..." అని చొక్కా అంచు సర్దుకున్నాడు. "పిల్లదాని కాలేజీ ఫీజు కట్టాలమ్మా. అది అడుగుతుంటే, సెలవులో ఉన్నానని ఎన్నాళ్లు చెప్పను?"

వింధ్యావళి తిన్నగా డైరెక్టర్ గదిలోకి నడిచింది. విస్సంశెట్టి గారూ అక్కడే ఉన్నారు.

"ఆ వాక్యం తీసేయడానికి అనుమతి ఇవ్వండి సార్."

"సవరణ కోరుచున్నారా?" పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "గ్రంథమునకు యంత్రమునకు భేదమున్నప్పుడే సవరణ ప్రసక్తి. ఉన్నదా భేదము?"

"లేదండి. మీరు లేకుండా చేశారు."

"భేదము లేనందున దోషము లేదు. దోషము లేనందున సవరణ లేదు."

"నూకరాజు ఉన్నాడు కదండీ! బయట ఎండలో కూర్చుని ఉన్నాడు."

"నూకరాజు సెలవులో ఉన్నాడమ్మా," అన్నారు విస్సంశెట్టి గారు చాలా మృదువుగా. "మీరే రాశారు."

ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కొత్త పేజీలు చేర్చవచ్చునా?"

"నిరభ్యంతరముగా! జ్ఞానమునకు హద్దు లేదు," అన్నారు డైరెక్టర్ గారు.

ఆ పూటే ఆమె గ్రంథంలో ఒక కొత్త ఆజ్ఞకు పేజీ చేర్చి, కింద ఉదాహరణ పెట్టింది: 'నూకరాజు సెలవు ముగించుకుని పనిలో చేరాడు.' గెలిచాననుకుంది.

విస్సంశెట్టి గారు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించారు. రెండూ ప్రమాణమే. ఒకటి నిజమని రెండోదాన్ని కాదనడానికి వీల్లేదు. కాబట్టి నూకరాజు పనిలో చేరాలి, వెంటనే సెలవులో ఉండాలి, మళ్లీ పనిలో చేరాలి. నూకరాజు లోపలికి వచ్చి సంతకం పెట్టి, బయటికి వెళ్లి సెలవులో ఉండి, మళ్లీ లోపలికి వచ్చి సంతకం పెట్టసాగాడు. పొద్దస్తమానం గేటుకూ స్టూలుకూ మధ్య కాలు నిలవకుండా తిరిగాడు. వారం తిరిగేసరికి మోకాళ్లు వాచిపోయాయి.

"అమ్మా," అన్నాడు గేటు దగ్గర ఎదురుపడి, రొప్పుతూ, "ఉట్టి సెలవే హాయండి. మీకు దండం పెడతాను, ఇంకేటీ రాయకండి."

ఆ మాట వింధ్యావళికి ముల్లులా గుచ్చుకుంది. ఇంతకాలమూ ఆమెకు రాయడం మీద నమ్మకం. ఇప్పుడు తాను మంచి వాక్యం రాసినా అది మనిషి మోకాళ్ల మీదికే వస్తోంది. బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ రాయలేదు. ఇమ్మానియేలు పిల్లిని చంకలో పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మామూలు కంపెనీలవాళ్ల పుస్తకాల్లో మొదటి పేజీలో ఒక మాటుంటుందండి మేడం," అన్నాడు మాటల్లో. "ఏదన్నా తేడా వస్తే మమ్మల్నడక్కండని. మన పుస్తకంలో అదొక్కటీ లేదు."

వింధ్యావళి తలెత్తింది. పిల్లి వంక, అతని వంక చూసింది. ఒక కొత్త పేజీ తీసుకుని, గ్రంథం మొట్టమొదట ఒకే వాక్యం చేర్చింది. ఉదాహరణ ఇవ్వలేదు. ఆమె జీవితంలో ఉదాహరణ లేకుండా రాసిన మొదటి పేజీ అదే.

'ఈ గ్రంథంలో తప్పులు ఉన్నవి.'

విస్సంశెట్టి గారు దాన్ని చదివిన రోజు మధ్యాహ్నం ఆయన భోజనం చేయలేదు. సమావేశం పిలిచారు. అందరూ వచ్చారు.

"గ్రంథము తప్పు చెప్పదు," అన్నారు ఆయన చెమట తుడుచుకుంటూ. "గ్రంథములో తప్పులున్నవని గ్రంథమే చెప్పుచున్నది. కావున తప్పులు ఉన్నవి."

"ఉన్నచో చూపుడు," అన్నారు పరాంకుశం గారు.

"అదే విపత్తు. నేను అట్ట నుంచి అట్ట దాకా పరీక్షించితిని. ఒక్కటీ లేదు. ఉన్న భేదములన్నియు మనము యంత్రమును దిద్ది తొలగించితిమి. తప్పులున్నవని రాసియున్నది, తప్పులు లేవు. ఇది భేదము!"

వింధ్యావళి పరాంకుశం గారి వంక చూసింది. ఇప్పుడైనా ఆయన ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంటారు. తీసుకోక ఏం చేస్తారు?

పరాంకుశం గారు కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, తేజస్సుతో కళ్లు తెరిచారు.

"లేనిచో కల్పింపవలయును."

తప్పుల కల్పన విభాగం పుట్టింది. గ్రంథం లోతుపాతులు తెలిసిన మనిషి కనుక వింధ్యావళినే పదోన్నతి మీద దానికి అధిపతిని చేశారు. ఆమె చేతికి ఎర్ర సిరా ముద్ర ఒకటి ఇచ్చారు. దాని మీద 'తప్పు' అని చెక్కి ఉంది. ముద్ర పడిన వాక్యం గ్రంథంలోనే ఉంటుంది, కానీ తప్పుగా ఉంటుంది. యంత్రం దాన్ని పాటించనక్కరలేదు.

"ఎన్నింటి మీద వేయమంటారండీ?" అని అడిగింది, గొంతులో ఉత్సాహం అణుచుకుంటూ. నూకరాజు, దాచు, వెతుకు, పిల్లి వరుసగా ఆమె కళ్ల ముందు నిలబడి ఉన్నారు.

విస్సంశెట్టి గారు నిఘంటువుతో పాటు వ్యాకరణం కూడా తెచ్చుకున్నారు. "తప్పులు అని బహువచనము. తెలుగున రెండు మొదలు బహువచనమే. అవసరమునకు మించి తప్పులు చేయుట ప్రజాధన దుర్వినియోగము. కావున రెండు."

వింధ్యావళి ఆలోచించలేదు. నూకరాజు సెలవు వాక్యం మీద మొదటి ముద్ర కొట్టింది. బల్ల అదిరింది.

రెండోది మిగిలింది. ఇమ్మానియేలు ఒక చేత్తో పిల్లిని గుండెలకు హత్తుకుని, గీతలు పడ్డ రెండో చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమెకు జాలేసింది. కానీ బయట మండలాఫీసుల ముందు పింఛను కాగితాల కోసం ఎండలో నిలబడ్డ ముసలివాళ్లు గుర్తొచ్చారు.

"క్షమించు నాయనా," అని దాచు వాక్యం మీద రెండో ముద్ర వేసింది.

మర్నాటికి మండలాఫీసుల్లో కాగితాలన్నీ తిరిగి కనిపించాయి. వెతుకు ఆజ్ఞ మాత్రం వెతుకుతూనే ఉంది గనుక, గుమస్తాలు పాతకాలంలోలాగా ఒక్కొక్క కాగితం తెరిచి కళ్లతో చూసుకుని ఇవ్వడం మొదలుపెట్టారు. దొరికింది. ఆలస్యంగానైనా దొరికింది. ఇమ్మానియేలు పిల్లికి పేరు పెట్టాడు.

ఈ వార్త రాజధానికి చేరింది. ప్రభుత్వ సంస్థ ఒకటి అధికారికంగా తప్పు ఒప్పుకోవడానికి వీలైన మార్గం కనిపెట్టిందని పైవాళ్లు ఆశ్చర్యపడ్డారు. ప్రతి శాఖకూ రెండేసి తప్పులు మంజూరయ్యాయి. కొన్ని శాఖలు తమకు రెండు ఏ మూలకూ చాలవని మొరపెట్టుకున్నాయి. ఒక శాఖ తమ దగ్గర తప్పులే లేవనీ, తమ రెండూ వాపసు తీసుకోవచ్చుననీ రాసింది. అవి తమకిమ్మని మిగతా శాఖలు ఆ సాయంత్రానికే సిఫారసులు పట్టుకుని బారులు తీరాయి. పరాంకుశం గారికి సన్మానం జరిగింది.

నూకరాజు జీతం బకాయిలు కూడా వచ్చాయి. కూతురి ఫీజు కట్టాడు. తిరిగి స్టూలు మీద కూర్చున్న మొదటి రోజున టీ గ్లాసు తెచ్చి వింధ్యావళి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. చేతిలో విస్సంశెట్టి గారు ఇచ్చిన కాగితం ఉంది.

"ఏమిటి నూకరాజూ?"

"ఇందులో ఏటి రాసుందో చెప్తారేటని, అమ్మా."

ఆమె చదివింది. 'నూకరాజునకు సంబంధించిన విషయము తప్పుగా ధ్రువీకరింపబడినది' అని ఉంది, కింద డైరెక్టర్ సంతకంతో, గుండ్రటి ముద్రతో.

"నువ్వు తప్పని ప్రభుత్వం గుర్తించింది," అంది వింధ్యావళి, నవ్వాలో ఏడవాలో తెలియక.

నూకరాజు కాగితాన్ని రెండు చేతులా తీసుకుని, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇంటిది పెళ్లైన కాడ్నించీ ఇదే మాట అంటందండి," అన్నాడు. "గవర్నమెంటోళ్లకి ఇప్పటికి తెలిసింది."